పటాలం పడిగాపులు

మొన్న మా కాలనీ లేడీస్ క్లబ్బులో తంబోలా ఆడుతున్నాం. నంబర్లు పిలిచే అమ్మాయి "టూ ఫాట్ లేడీస్... ఎయిటీ ఎయిట్!" అని గొంతెత్తి అరిచింది. నా పక్కన కూర్చున్న ఎదురింటి పిన్నిగారు కాస్త ఒళ్ళు చేసిన మనిషి. చీటీలోంచి తలెత్తి, "అది నన్నేనా అంటూంట?" అంది. "మీ ఒక్కర్నే కాదు లెండి, ఇద్దరు కావాలిగా, నన్ను కూడా కలుపుకుంది" అన్నాను. ఆవిడ నవ్వేసి, "ఇంతకీ ఈ మాట కనిపెట్టిన మహానుభావుడెవడే? ఆడవాళ్ళంటే వాడికంత అలుసా?" అని అడిగింది.

ఆ మహానుభావుడు ఒక్కడు కాదు. ఓడ డెక్కుల మీదా, రేవు పక్క డేరాల్లోనూ పొద్దుపోక ఆవులిస్తూ కూర్చున్న తెల్ల సోల్జర్లు వాళ్ళు. లావో సన్నమో, ఆడమనిషి మొహం చూసి వాళ్ళకు ఎన్ని నెలలయిందో! 88 అంకెలో కూడా ఆడవాళ్ళే కనిపించారంటే జాలిపడాలి గానీ కోప్పడకూడదు.

యుద్ధమంటే మనకు తెలిసింది సినిమా యుద్ధమే కదా. గుర్రాలు దౌడు తీస్తాయి, ఫిరంగులు పేలుతాయి, జెండా ఎగురుతుంది, ఇంటర్వెల్ వస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో మద్రాసు సాపర్స్‌లో పనిచేసిన మా పెదనాన్నగారిని చిన్నప్పుడు "యుద్ధం ఎలా ఉంటుంది పెదనాన్నా?" అని అడిగితే, "యుద్ధం మూణ్ణాళ్ళు, పడిగాపులు ముప్ఫై నాళ్ళేనే అమ్మాయీ" అనేవారు. రైలు కోసం ఆగడం, ఓడ కోసం ఆగడం, ఓడ ఎక్కాక అది కదలడం కోసం ఆగడం. ఆ ముప్ఫై నాళ్ళ కథ చరిత్ర పుస్తకాల్లో ఒక వాక్యంలో తేలిపోతుంది: "సేనలు బొంబాయి చేరినవి." అంతే. ఎలా చేరాయి, చేరేలోగా అంతమంది మగవాళ్ళు ఖాళీ చేతులతో ఏం చేశారు? వంటింట్లో అన్నం ఉడికేలోపు నాలుగు పనులు చక్కబెట్టుకునే మనకి ఈ ప్రశ్న తట్టకుండా ఉంటుందా?

ఇంగ్లండు నుంచి మన దేశానికి సైన్యాన్ని చేరవేయడానికి 1866, 67 సంవత్సరాల్లో ప్రత్యేకంగా ఐదు ఓడలు కట్టించారు. వాటి పేర్లు క్రొకొడైల్, సెరాపిస్, యూఫ్రటీస్, జమ్నా, మలబార్. తెల్లటి ఓడలు. ఒక్కోదానికి ఒక్కో రంగు పట్టీ, చీరకి అంచులాగా. అప్పటికింకా సూయజ్ కాలువ తెరవలేదు; అది 1869లో. అందుకని రెండు ఓడలు ఇంగ్లండు నుంచి ఈజిప్టు దాకా తెచ్చి దింపేవి. అక్కణ్ణించి రైల్లో ఎడారి దాటి సూయజ్ చేరితే, మిగతా మూడింట్లో ఏదో ఒకటి బొంబాయికి తెచ్చేది. అంటే మధ్యలో సామాన్లన్నీ దింపుకుని మళ్ళీ ఎక్కించుకోవాలన్నమాట. పెట్టెలూ బిస్తర్లతో ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని జంక్షన్లో బండి మారిన ఏ ఇల్లాలికైనా ఆ అవస్థ నేను వేరే వర్ణించి చెప్పక్కర్లేదు.

ఓడలో సోల్జర్లకి గుడ్డ ఉయ్యాలలే పడకలు. పొద్దున్నే వాటిని చుట్టిపెట్టి డెక్కు కడగాలి. ఆ తర్వాత? ఏమీ లేదు. నీళ్ళు, ఆకాశం, మళ్ళీ నీళ్ళు. అక్కడే ఆటలు పుట్టుకొచ్చాయి. పేకాట సరే సరి. క్రౌన్ అండ్ యాంకర్ అని ఇంకొకటి ఉండేది. కిరీటం, లంగరు, పేకముక్కల నాలుగు గుర్తులూ వేసిన మూడు పాచికలతో ఆడే జూదం అది. ఎవరు గెలిచినా ఓడినా ఆఖరికి లాభం ఆట నడిపేవాడికే. అందుకే సైన్యంలో దాన్ని నిషేధించారు. నిషేధిస్తే ఆగుతుందా? ఒకణ్ణి మెట్ల దగ్గర కాపలా పెట్టి మరీ ఆడేవాళ్ళు.

డబ్బు పెట్టి ఆడుకోవడానికి బ్రిటిష్ సైన్యం అనుమతించిన ఆట ఒక్కటే. దాని పేరు 'హౌస్'. నావికులు దాన్నే తంబోలా అనేవాళ్ళు. ఇటలీ లాటరీ నుంచి దిగివచ్చిన ఆట కాబట్టి పేరు కూడా ఇటలీదే. ఒకటి నుంచి 90 దాకా అంకెలు, చీటీకి మూడు వరసలు, వరసకి ఐదేసి నంబర్లు. మనం ఈ రోజుకీ ఆడుతున్నది అదే. అంకెల ముద్దుపేర్లు కూడా చాలావరకు వాళ్ళు వాడినవే. 11 అంటే రెండు కాళ్ళు, 22 అంటే రెండు బాతులు. తొమ్మిదిని 'డాక్టర్స్ ఆర్డర్స్' అని ఎందుకంటారో మా క్లబ్బులో ఎవరికీ తెలీదు. మిలిటరీ డాక్టరు దగ్గర 9వ నంబరు మాత్ర అని ఒకటుండేది. తలనొప్పి అన్నా, కాలునొప్పి అన్నా, మనసు బాగాలేదన్నా అదే మాత్ర. అది విరేచనాల మాత్ర! ఇప్పుడు చెప్పండి, కట్టుచీరలు కట్టుకుని, సమోసాలు తింటూ, ఆ నంబరు మనమెంత మర్యాదగా పిలుస్తున్నామో.

ఇంతవరకూ సరదాయే. ఇక్కణ్ణించి కథ కొంచెం చేదెక్కుతుంది.

నాసిక్ దగ్గర, బొంబాయి వెళ్ళే రైలుదారిలో దేవ్‌లాలీ అనే ఊరుంది. అక్కడ 1861లో సైనికుల మజిలీ క్యాంపు పెట్టారు. ఓడ దిగినవాళ్ళు అక్కణ్ణించే పటాలాలకు చెదిరిపోయేవాళ్ళు. సర్వీసు ముగిసి ఇంటికి పోయేవాళ్ళు అక్కడే చేరి ఓడ కోసం ఆగేవాళ్ళు. చిక్కేమిటంటే ఆ ఓడలు ఏడాది పొడుగునా తిరగవు. ఎర్రసముద్రం ఎండల్ని తప్పించుకోవడానికి శీతాకాలంలోనే నడిచేవి, సుమారు నవంబరు నుంచి మార్చి దాకా. నీ సర్వీసు ఏప్రిల్లో అయిపోయిందనుకోండి, అంతే సంగతులు! మళ్ళీ చలికాలం దాకా ఎదురుచూపులే.

ఏళ్ళ తరబడి కవాతు, పహరా, బూట్ల పాలిషుల మధ్య బతికిన మనిషికి ఒక్కసారిగా పనంటూ లేకుండా పోయింది. ఇల్లు చేరలేదు, ఉద్యోగమూ లేదు. ఎండ, దుమ్ము, చవక సారా. వేల్స్ బొగ్గుగనుల నుంచి వచ్చి మన దేశంలోనూ బర్మాలోనూ సోల్జరుగా పనిచేసిన ఫ్రాంక్ రిచర్డ్స్ అనే ఆయన 1936లో తన జ్ఞాపకాల్ని పుస్తకంగా అచ్చువేశాడు. ఆఫీసర్ల జ్ఞాపకాలు బోలెడున్నాయి గానీ మామూలు సిపాయి రాసుకున్నవి అరుదు, అందుకే నాకీ పుస్తకమంటే గౌరవం. అన్నాళ్ళూ మచ్చపడకుండా కొలువు చేసినవాళ్ళు కూడా ఆ క్యాంపుకు వచ్చాక గొడవల్లో చిక్కుకుని జైలుపాలయ్యేవాళ్ళని ఆయన రాశాడు. పిచ్చిచేష్టలు చేసేవాణ్ణి చూసి సోల్జర్లు 'డూలాలీ టాప్' పట్టిందనేవాళ్ళట. డూలాలీ అంటే మన దేవ్‌లాలీయే, వాళ్ళ నోట్లో పడి నలిగిన రూపం. మరి టాప్? అది మనకు తెలిసిన మాటే. తాపం! ఉత్తరాదిన జ్వరాన్ని తాప్ అంటారు. ఓడ కోసం చూసి చూసి ఎక్కిన జ్వరమన్నమాట. ఇంగ్లీషు నిఘంటువుల్లో 'డూలాలీ' అన్న మాటకు ఇప్పటికీ మతి చలించడం అనే అర్థం. ఊరు చేసిన పాపమేమీ లేదు పాపం, మంచి గాలికి పేరున్న చోటు. అయినా పేరు అలా నిలిచిపోయింది.

విరహతాపం అని మన కావ్యనాయికలకు తెగ వర్ణించారు. చందనాలూ, తామరాకు విసనకర్రలూ. బారకాసుల్లో తాపం పట్టిన సోల్జరుకి 9వ నంబరు మాత్ర!

అందరూ తాగీ తన్నుకునీ పొద్దుపుచ్చలేదు లెండి. మనవాళ్ళకి నచ్చే సంగతి ఒకటుంది. సోల్జర్లు కుట్టుపని చేసేవాళ్ళు. యూనిఫారాల ఉన్నిగుడ్డ పేలికలు, ఎరుపూ నీలమూ పసుపూ, బొటనవేలంత ముక్కలుగా కత్తిరించి, వేల ముక్కలు అతికి బొంతలు కుట్టేవాళ్ళు. సారాకొట్టు దారి పట్టకుండా ఉంటారని మద్యనిషేధం వాళ్ళూ ప్రోత్సహించారు. క్రిమియా యుద్ధంలో గాయపడి ఆస్పత్రి మంచం మీద కూర్చుని అలాంటి బొంత కుడుతున్న ఒక సోల్జరు బొమ్మని థామస్ వుడ్ అనే చిత్రకారుడు 1856లో వేశాడు. తలకి కట్టు, చేతిలో సూది. మన దేశంలో ఉన్న పటాలాల్లో కుట్టిన బొంతలు కూడా మ్యూజియముల్లో భద్రంగా ఉన్నాయి. అమ్మమ్మల పాతచీరల బొంతలు మాత్రం మ్యూజియం ఎక్కలేదు, అటకెక్కాయి! కుట్టింది మగవాడైతే బొంతకి కూడా గౌరవమొస్తుంది కాబోలు.

ప్రతి సోల్జరు దగ్గరా సూది, దారం, గుండీలు పెట్టుకునే చిన్న గుడ్డసంచీ ఒకటుండేది. దానికి సైన్యం పెట్టిన పేరేమిటో తెలుసాండీ? 'హౌస్‌వైఫ్'. నిజంగానే! ఇల్లాలు చెయ్యాల్సిన పనులన్నీ చేసిపెట్టి, జేబులో పట్టి, నోరెత్తని ఇల్లాలు.

అసలు ఇల్లాలి సంగతి వేరు. నెపోలియను యుద్ధాల నాటికి బ్రిటిష్ పటాలం విదేశానికి కదిలితే నూరుమంది సోల్జర్లకు ఆరుగురు భార్యల్నే వెంట రానిచ్చేవాళ్ళు. ఎవరా ఆరుగురు? రేవులో చీటీలు వేసేవాళ్ళు. ఒక టోపీలో మడతపెట్టిన కాగితాలు. కొన్నిటి మీద 'వెళ్ళవచ్చు', మిగతావాటి మీద 'వెళ్ళరాదు'. చంకన పిల్లతో నిలబడి ఆ చీటీ తియ్యాలి. 'వెళ్ళరాదు' వచ్చినావిడ అక్కడే ఆగిపోవాలి. మొగుడు తిరిగొచ్చేది ఎన్నాళ్ళకో, అసలు వస్తాడో రాడో. తంబోలా చీటీ చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ టోపీ గుర్తొస్తుంది. ఆ చీటీల ఆటకి ముద్దుపేర్లు పెట్టినవాళ్ళెవరూ లేరు.

మనవాళ్ళ సంగతికొస్తే, 1914లో మొదటి యుద్ధం రాగానే సికింద్రాబాదు నుంచి అశ్వికదళం ఒకటి ఫ్రాన్సుకి తరలింది. సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్ అనే పేరుతోనే. అప్పుడు బంగాళాఖాతంలో జర్మన్ ఓడ ఎమ్డెన్ తిరుగుతోంది. సెప్టెంబరు 22న మద్రాసు మీద గుండ్లు వేసింది, మన పెద్దవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. అలాంటప్పుడు సేనల ఓడలు ఒంటరిగా కదలకూడదు. పది ఓడలు జతకూడి, కాపలా నౌక వచ్చేదాకా ఆగాల్సిందే. గుర్రాలతో సహా. ఫ్రాన్సు చేరాక తమాషా ఏమిటంటే గుర్రాలకు పనే లేదు. యుద్ధం కందకాల్లో ఇరుక్కుపోయింది. దారి తెరుచుకుంటే దూసుకుపోవాలని ఏడాదిన్నర పైగా గుర్రాలకి మాలీషు చేస్తూ కూర్చున్నారు.

ఆ రోజు 1916 జూలై 14న వచ్చింది. సోమ్ యుద్ధంలో హై వుడ్ అనే అడివి దగ్గర తెల్లవారేసరికి జర్మన్లు వెనక్కి తగ్గారు, అడివి ఖాళీ. అశ్వికదళాన్ని పిలవండన్నారు. బురద, గుంతలు, పై అధికారుల ఆదేశాల్లో జాప్యం. ఒకప్పటి నిజాం రాజ్యపు హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి పుట్టిన దక్కన్ హార్స్, మరో తెల్లదళంతో కలిసి, నిజంగా ఈటెలెత్తి దూకేసరికి సాయంత్రం ఏడు దాటింది. అప్పటికి జర్మన్లు తిరిగొచ్చేశారు. మనుషులూ పోయారు, గుర్రాలూ పోయాయి. ఆ అడివి పూర్తిగా చేజిక్కడానికి సెప్టెంబరు దాకా పట్టింది. రెండేళ్ళు ఎదురుచూసిన దళానికి, కావాల్సిన ఆ పూట మాత్రం ఆలస్యమైపోయింది. నాకిది చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టవుతుంది.

రెండో యుద్ధంలో మా పెదనాన్నగారి ఓడ బస్రా పోవాలి. బొంబాయి రేవులో పదకొండు రోజులు లంగరు ఎత్తలేదట. ఊరు కనిపిస్తూనే ఉంటుంది, దిగనివ్వరు. తెల్లవాళ్ళు ఒక మూల తంబోలా వేసుకుంటే, మన ఆంధ్రా కుర్రాళ్ళు డెక్కు మీద సుద్దముక్కతో పులిజూదం గీసి, గులకరాళ్ళకి బదులు యూనిఫారం గుండీలు పెట్టి ఆడారట. తమిళ హవల్దారు ఒకాయన చూసి, "ఇది మా ఆట" అని జట్టులో చేరాడు. మేకలు పులిని కట్టెయ్యడంలో ఆయన దిట్ట అనేవారు పెదనాన్నగారు. పదకొండో రోజు ఓడ కదిలితే ఆట మధ్యలో చెడిపోయిందని గొడవపడ్డారట కూడా!

ఇంటికి రాసే ఉత్తరంలో ఊరి పేరు ఉండకూడదు, ఓడ పేరు ఉండకూడదు. సెన్సారు నల్లసిరా కొట్టేస్తాడు. "ఒక చోట క్షేమంగా ఉన్నాను" అని ఉండేది. ఆ ఒక చోటు ఎక్కడో తెలీక మా పెద్దమ్మ రామకోటి మొదలెట్టింది. నోటుబుక్కు నిండా సన్నటి అక్షరాలు, ఉత్తరం వచ్చిన రోజున మార్జిన్లో ఒక చుక్క. నేనా పుస్తకాలు చూశాను. చుక్కకీ చుక్కకీ మధ్య కొన్నిచోట్ల ముప్ఫై, నలభై పేజీలున్నాయి. ఆఖరి పుస్తకం పేజీ సగంలో ఆగిపోయింది, ఆయన ఇంటికొచ్చిన రోజున. "పూర్తి చెయ్యలేదేం పెద్దమ్మా?" అంటే, "ఆయనొచ్చాక ఇంక తీరికెక్కడిదే!" అంది.

యుద్ధం 1945 ఆగస్టులో ముగిసింది. అప్పుడు మొదలయ్యాయి అసలైన పడిగాపులు. లక్షలమంది ఇంటికి పోవాలి, ఓడలు చాలవు. బ్రిటిష్ ప్రభుత్వం ప్రతి సోల్జరుకీ వయసునీ సర్వీసునీ బట్టి ఒక గ్రూపు నంబరు ఇచ్చింది. నీ నంబరు పిలిచినప్పుడు నువ్వు ఇంటికి. పెద్ద తంబోలా అన్నమాట, పిలిచేవాడు లండన్లో ఉన్నాడు. దేవ్‌లాలీలో మళ్ళీ తాపం మొదలైంది. కాలక్షేపానికి ఫిరంగిదళం వాళ్ళు అక్కడొక నాటకాల బృందం నడిపారు. మగవాళ్ళే ఆడవేషాలు, పాటలు, హాస్యం. ఆ బృందంలో ఉన్న జిమ్మీ పెర్రీ అనే కుర్రాడే తర్వాత ఆ రోజుల మీద 1974 నుంచి 81 దాకా బీబీసీలో హాస్య సీరియల్ నడిపిన ఇద్దరు రచయితల్లో ఒకడు. అందులో మన బేరరు వేషం వేసింది ఝాన్సీలో పుట్టిన తెల్లాయన, ముఖానికి రంగు పూసుకుని! వాళ్ళ పడిగాపులకు నవ్వొచ్చింది గానీ, మన బేరరు ఎంతసేపు నిలబడ్డాడో సీరియల్ పట్టించుకోలేదు.

అందరూ నాటకాలతో ఊరుకోలేదు. 1946 జనవరిలో కరాచీ డ్రిగ్ రోడ్ విమానస్థావరంలో బ్రిటిష్ వైమానిక దళం కుర్రాళ్ళని సామాన్ల తనిఖీకి ఉన్ని యూనిఫారాల్లో వరసగా నిలబడమన్నారు. యుద్ధం అయిపోయి ఐదు నెలలయింది, ఇంకా ఈ కవాతేమిటని వాళ్ళు కదల్లేదు. సమ్మె! సైన్యంలో సమ్మె అంటే తిరుగుబాటే. అది స్థావరం నుంచి స్థావరానికి పాకి సింహళం, సింగపూరు దాకా వెళ్ళింది. ఓడలు లేవని ప్రభుత్వం అంటే, కాదు, హిందూదేశాన్ని అణచిపెట్టడానికే మమ్మల్ని ఇక్కడ ఉంచారని వాళ్ళన్నారు. ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నౌకాస్థావరంలో మన నావికులు ఎదురుతిరిగారు. వాళ్ళ కష్టాలు వేరు. తిండి, జీతం, తిట్లు. కానీ నెలరోజుల ముందే దొరలే దొరమాట విననప్పుడు, మన కుర్రాళ్ళకి కాస్త ధైర్యం రాకుండా ఉంటుందా? మహానాయకుల పేర్లతో నిండిన మన పాఠ్యపుస్తకాల్లో ఈ విసిగిపోయిన కుర్రాళ్ళకి కూడా ఒక పేరా ఇవ్వచ్చునని నాకనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చిన రెండోరోజే, 1947 ఆగస్టు 17న, తెల్లపటాలాల మొదటి దళం బొంబాయిలో ఓడెక్కింది. ఆఖరున మిగిలింది సోమర్సెట్ లైట్ ఇన్ఫెంట్రీ మొదటి బెటాలియన్. వాళ్ళ వంతు వచ్చేసరికి 1948 ఫిబ్రవరి 28. మన పటాలాలు గౌరవవందనం చేస్తుండగా గేట్‌వే ఆఫ్ ఇండియా కిందినుంచి నడిచి పడవలెక్కారు. మనవాళ్ళు వాళ్ళకో కానుక ఇచ్చి పంపారు, ఆ గేట్‌వే నమూనాయే, వెండిది.